టావికి ముందు సీటీ స్కాన్: కవాటం సైజు, వెళ్లే దారి, ప్రమాదాలు ఎలా తేలుస్తారు?

గోదావరి_రవి | సోమవారం, రాత్రి 9.10

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారికి 78 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఎకో చేయిస్తే బృహద్ధమని కవాటం బాగా బిగుసుకుపోయిందని తేలింది. కవాటం తెరుచుకునే వైశాల్యం 0.7 చదరపు సెంటీమీటర్లు, సగటు గ్రేడియంట్ (కవాటానికి రెండు వైపులా ఉండే రక్తపు ఒత్తిడి తేడా) 48 అని రిపోర్టులో ఉంది. హైదరాబాదులో చూపించగా, ఛాతీ తెరవకుండా తొడలోని ధమని గుండా కొత్త కవాటం అమర్చే టావి పద్ధతి ఆయనకు తగినదనీ, దానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి అనీ చెప్పారు. నెల క్రితమే, దగ్గు తగ్గడం లేదని, ఇక్కడ కాంట్రాస్టు మందుతో (రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా సిరలోకి ఎక్కించేది) ఛాతీ సీటీ తీయించాం. ఆ సీడీ చూపిస్తే ఈ పనికి అది చాలదన్నారు.

నాన్నగారికి షుగరు ఉంది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 1.5. ఈ స్థితిలో మళ్లీ కాంట్రాస్టు ఎక్కించడం అవసరమా? ఎకోలో తెలియనిది, పాత సీటీలో లేనిది ఈ కొత్త స్కాన్‌లో ఏముంటుంది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

విశాఖ_రేడియాలజీ | సోమవారం, రాత్రి 10.25

రవి గారూ, నేను గుండె సీటీలు చదివే రేడియాలజిస్టును. పాత స్కాన్‌ను పక్కన పెట్టడానికి గట్టి కారణమే ఉంది. మామూలు ఛాతీ సీటీలో గుండె తన పాటికి తాను కొట్టుకుంటూ ఉంటే యంత్రం తన పాటికి తాను చిత్రాలు తీసుకుంటూ పోతుంది. ఊపిరితిత్తులు చూడటానికి అది సరిపోతుంది గానీ, కవాటం ఉన్నచోట అంచులు చెదిరి ఒకే గోడ రెండు గోడల్లా కనబడుతుంది. టావి కోసం తీసే స్కాన్‌లో ఛాతీ మీద ఈసీజీ తీగలు అంటించి, చిత్రాలను గుండె లయకు ముడివేస్తారు. అందువల్ల ఒక స్పందనలో ఏ క్షణపు చిత్రం కావాలంటే ఆ క్షణాన్ని ఎంచుకుని చూడవచ్చు. గుండె ముడుచుకునే దశలో, అంటే ఒక స్పందన నిడివిలో సుమారు 30 నుంచి 40 శాతం మధ్య, కొలతలు తీసుకోవడం ఆనవాయితీ, ఎందుకంటే చాలామందిలో కవాటం కూర్చునే చోటు ఆ దశలోనే ఎక్కువ విచ్చుకుని ఉంటుంది. చిత్రాల మందం కూడా ఒక మిల్లీమీటరుకు మించకూడదు. మీ పాత సీడీలో ఐదు మిల్లీమీటర్ల మందం చిత్రాలే ఉండి ఉంటే వాటి నుంచి ఏ లెక్కా తేలదు.

ఇక ఎకోలో తెలియనిది ఏమిటంటే, ఆ చోటు ఆకారం. యాన్యులస్ అని మేము అనేది చేత్తో తాకి చూడగల ఉంగరం కాదు. కవాటపు మూడు రెక్కలు గోడకు అతుక్కునే అట్టడుగు బిందువులు మూడు ఉంటాయి కదా, వాటి మూడింటి గుండా పోయే తలాన్ని మేము కంప్యూటరు మీద అన్ని వైపులకూ వంచి వంచి పట్టుకుంటాం. ఆ తలంలో కనబడే రంధ్రం దాదాపు ఎప్పుడూ కోడిగుడ్డు ఆకారంలోనే ఉంటుంది. మామూలు ఎకో ఒక పక్క నుంచి ఒకే గీత కొలిచి, రంధ్రం గుండ్రంగా ఉందనుకుని లెక్క కడుతుంది. ఆ గీత తరచుగా పొట్టి వైపునే పడుతుంది కాబట్టి కొలత తక్కువగా వస్తుంది. సీటీలో మాత్రం చుట్టుకొలతను, వైశాల్యాన్ని నేరుగా గీసి తీసుకోవచ్చు.

సర్జను ఛాతీ తెరిచినప్పుడు పాత కవాటాన్ని కోసి తీసేసి, సైజరు అనే కొలత పరికరాన్ని లోపల పెట్టి చూసి, దానికి సరిపడే కవాటాన్ని కుడతారు. టావిలో పాత కవాటాన్ని తీయరు, దాన్ని పక్కకు నెట్టి అందులోనే కొత్తది విచ్చుకునేలా చేస్తారు, లోపలి చోటును ఎవరూ కళ్లారా చూడరు. కొలిచే అవకాశం ముందుగా సీటీలోనే ఉంది. అందుకే దీన్ని నేను వైద్యానికి ముందు చేసే పరీక్షగా కాకుండా వైద్యంలో మొదటి భాగంగానే భావిస్తాను.

క్యాథ్‌ల్యాబ్_డాక్టర్ | సోమవారం, రాత్రి 11.40

పై వివరణకు కొంత చరిత్ర జోడిస్తాను, ఎందుకంటే సీటీ ఎందుకు తప్పనిసరి అయిందో అందులోనే ఉంది. ఈ పద్ధతిలో మనిషికి తొలి కవాటం అమర్చింది ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియే, 2002 ఏప్రిల్ 16న. ఆ రోగికి 57 ఏళ్లు, గుండె పూర్తిగా చేతులెత్తేసిన స్థితి, సర్జన్లు శస్త్రచికిత్సకు ఒప్పుకోలేదు. కాళ్ల ధమనులు పూడుకుపోయి ఉండటంతో సిర గుండా వెళ్లి, గుండె లోపలి అడ్డుగోడను దాటి కవాటాన్ని చేర్చవలసి వచ్చింది. అప్పటికి తయారైన కవాటం ఒకే సైజు, 23 మిల్లీమీటర్లు. కాబట్టి ఏ సైజు పెట్టాలన్న ప్రశ్నే అప్పుడు లేదు.

తర్వాత సైజులు పెరిగాయి, ఎంపిక మొదలైంది, ఎకో కొలతల మీద ఆధారపడి ఎంపిక చేసినంతకాలం కవాటం చుట్టూ రక్తం వెనక్కి కారే సమస్య ఎక్కువగా కనబడింది. 2012లో టావిని పరీక్షించిన పార్ట్‌నర్ అధ్యయనపు రెండేళ్ల ఫలితాలు వచ్చినప్పుడు, స్వల్పమని అందరం తేలిగ్గా తీసుకున్న లీకు ఉన్నవారిలో కూడా మరణాలు ఎక్కువగా ఉన్నాయని బయటపడటం మమ్మల్నందరినీ కదిలించింది. అదే కాలంలో సీటీ కొలతలతో సైజు నిర్ణయిస్తే లీకు తగ్గుతోందని వేర్వేరు కేంద్రాల నుంచి పరిశోధనలు వెలువడ్డాయి. 2012లో కార్డియాక్ సీటీ నిపుణుల సంఘం తొలి మార్గదర్శక పత్రాన్ని ఇచ్చింది, 2019లో దాన్ని సవరించి విస్తరించింది. 2019లోనే శస్త్రచికిత్స ప్రమాదం తక్కువగా ఉన్న రోగులలో కూడా టావి మంచి ఫలితాలిచ్చిందని రెండు పెద్ద అధ్యయనాలు చూపాయి. కవాటాల రూపకల్పన మెరుగుపడటం ఆ విజయానికి ఒక కారణమైతే, సీటీ కొలతలు స్థిరపడటం దానికి ఏ మాత్రం తీసిపోని కారణమని నా అభిప్రాయం.

స్కాన్_టెక్నాలజిస్టు_లక్ష్మి | మంగళవారం, ఉదయం 7.05

రవి గారూ, కిడ్నీల విషయం ఎవరూ ఇంకా చెప్పలేదు కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను. 78 ఏళ్ల పురుషునికి క్రియాటినిన్ 1.5 అంటే వడపోత శక్తి లెక్క సుమారు 47 వస్తుంది. సిర ద్వారా ఇచ్చే కాంట్రాస్టు విషయంలో 30 కంటే తగ్గినవారి గురించి ఎక్కువ జాగ్రత్త పడతారు. కాబట్టి మీ నాన్నగారి స్కాన్‌ను కిడ్నీల భయంతో మానుకోవలసిన పరిస్థితి కనిపించడం లేదు, అయినా ఆ నిర్ణయం చూసే డాక్టరు గారిదే. ఈ స్కాన్‌కు సాధారణంగా 50 నుంచి 100 మిల్లీలీటర్ల మధ్య మందు పడుతుంది. కొత్త యంత్రాల మీద తక్కువ మందుతోనే గుండెను, అక్కడి నుంచి తొడ ధమనుల వరకు మొత్తం దారిని ఒకే విడతలో తీసేస్తున్నారు. స్కాన్‌కు, టావికి మధ్య కొద్ది రోజుల విరామం ఇచ్చి, ఈలోగా క్రియాటినిన్ మళ్లీ చూడటం మంచి అలవాటు, ఎందుకంటే టావి రోజున కూడా కాంట్రాస్టు వాడతారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్లయితే ముందే చెప్పండి. కిడ్నీలకు మంచిదని ఎవరో చెప్పారని ఇంట్లో లీటర్ల కొద్దీ నీళ్లు తాగించకండి, కవాటం ఇంత బిగుసుకున్నవారికి ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఎంత తాగాలో డాక్టరు గారే చెప్పాలి.

మరొక సంగతి. గుండె రక్తనాళాల సీటీకి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇవ్వడం, గుండె వేగం తగ్గించే మందు ఇవ్వడం మామూలే. కవాటం తీవ్రంగా బిగుసుకున్నవారికి నైట్రోగ్లిజరిన్ ఇవ్వకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. వేగం తగ్గించే మందులు కూడా చాలా ఆలోచించి గానీ ఇవ్వరు. అందువల్ల స్కాన్ గదిలో అడుగుపెట్టగానే రోగికి ఏ జబ్బు ఉందో, ఈ స్కాన్ టావి కోసమని మీరే స్పష్టంగా చెప్పండి. ఊపిరి బిగబట్టడం ముందురోజు ఇంట్లో రెండు మూడుసార్లు అలవాటు చేయించండి. పది పదిహేను సెకన్లు కదలకుండా ఉండగలిగితే చిత్రం బాగా వస్తుంది. ఆయాసం వల్ల వెల్లకిలా పడుకోలేని పరిస్థితి ఉంటే స్కాన్ తేదీకి ముందే డాక్టరుకు తెలియజేయాలి.

న్యూజెర్సీ_పద్మ | మంగళవారం, రాత్రి 8.30

మా అత్తగారి విషయంలో ఇక్కడ ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఆవిడకు కవాటం వైశాల్యం 0.8 అని ఎకోలో ఉంది, కానీ గ్రేడియంట్ 28 మాత్రమే. జబ్బు తీవ్రంగా ఉందని ఒకరు, లేదని మరొకరు అన్నారు. చివరకు కాంట్రాస్టు లేకుండా ఒక సీటీ తీసి కాల్షియం స్కోరు లెక్కించి, తీవ్రమేనని నిర్ధారించారు. స్కోరు 1,750 వచ్చింది. ఈ స్కోరును ఎలా అర్థం చేసుకోవాలో రేడియాలజీ డాక్టరు గారు చెబితే సంతోషిస్తాను.

విశాఖ_రేడియాలజీ | మంగళవారం, రాత్రి 9.15

పద్మ గారూ, గుండె బలహీనంగా కొట్టుకున్నా, కొట్టుకునే బలం బాగానే ఉండి ఒక్కో స్పందనకు నెట్టే రక్తం తక్కువగా ఉన్నా, గ్రేడియంట్ తక్కువగా చూపిస్తుంది, కవాటం మాత్రం నిజంగానే బిగుసుకుని ఉండవచ్చు. అప్పుడు కవాటంలో పేరుకున్న కాల్షియం ఎంతో చూడటం ఉపకరిస్తుంది, ఎందుకంటే అది రక్తప్రవాహం మీద ఆధారపడదు. స్త్రీలలో స్కోరు 1,200 దాటితే తీవ్రమైన జబ్బుకు అవకాశం ఎక్కువ, 1,600 దాటితే చాలా ఎక్కువ. పురుషులలో ఈ హద్దులు 2,000, 3,000. ఒకే స్కోరుకు స్త్రీకి, పురుషునికి వేర్వేరు అర్థం ఉండటానికి కారణం, స్త్రీల కవాటాలలో కాల్షియంతో పాటు గట్టిపడిన నారకణజాలం వాటా ఎక్కువగా ఉండటం. రవి గారి నాన్నగారికి గ్రేడియంట్ 48 ఉంది కాబట్టి ఈ స్కోరు అవసరం రాలేదు.

గోదావరి_రవి | శనివారం, సాయంత్రం 6.20

స్కాన్ ఇబ్బంది లేకుండా జరిగింది. మీ అందరి సలహాల వల్ల ఏం అడగాలో తెలిసి వెళ్లాం. మూడో రోజు క్రియాటినిన్ 1.6, ఫరవాలేదన్నారు. రిపోర్టులో ఉన్న అంకెలు రాస్తున్నాను. యాన్యులస్ పొడవైన వైపు 26.6 మి.మీ., పొట్టి వైపు 20.7 మి.మీ., వైశాల్యం 432 చదరపు మి.మీ., చుట్టుకొలత 74.6 మి.మీ. ఎడమ కరొనరీ (గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమని) ద్వారం యాన్యులస్ నుంచి ఉన్న ఎత్తు 11.2, కుడిది 14. సైనస్ (కవాటం దగ్గర బృహద్ధమని మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగం) సగటు వెడల్పు 31. యాన్యులస్ కింద ఎడమ వైపు కాల్షియం గడ్డ ఒకటి, మధ్యస్థం. కుడి తొడ ధమని కనీస వ్యాసం 6.8, ఎడమది 5.2, ఎడమ వైపు కాల్షియం ఎక్కువ. ఏ కవాటం పెట్టాలన్న విషయం మీద డాక్టర్లు వచ్చే వారం కూర్చుని నిర్ణయిస్తామన్నారు. ఇంత స్పష్టంగా కొలిచాక కూడా ఆలోచించవలసింది ఏముంటుంది?

క్యాథ్‌ల్యాబ్_డాక్టర్ | శనివారం, రాత్రి 10.50

రవి గారూ, ఇక్కడ నేను చెప్పేది ఆ అంకెలను చదివే తీరు మాత్రమే, మీ నాన్నగారిని చూసిన బృందం మాటే మీకు ప్రమాణం. మీరిచ్చిన అంకెలు పాఠం చెప్పడానికి ఎంచుకున్నట్లు ఉన్నాయి, అందుకే కొంచెం విపులంగా రాస్తాను.

బెలూనుతో విచ్చుకునే కవాటాల్లో ఎక్కువగా వాడే సేపియన్ 3 రకంలో 23 సైజు సుమారు 338 నుంచి 430 చదరపు మి.మీ. వరకు, 26 సైజు 430 నుంచి 546 వరకు అని తయారీదారు పట్టిక చెబుతుంది. మీ నాన్నగారి 432 సరిగ్గా ఆ సరిహద్దు గీత మీద పడింది. పూర్తిగా విచ్చుకున్న 26 సైజు వైశాల్యం 519, అంటే ఆయన యాన్యులస్ కంటే 20 శాతం ఎక్కువ. 23 సైజు వైశాల్యం 409, అంటే 5 శాతం తక్కువ. చిన్నది పెడితే చుట్టూ లీకు రావచ్చు, కవాటం జారే ప్రమాదమూ లేకపోలేదు. పెద్దది పెడితే, యాన్యులస్ కింద మీరు చెప్పిన కాల్షియం గడ్డ ఉంది కాబట్టి, బెలూను ఒత్తిడికి ఆ గడ్డ గోడలోకి దిగి చీలిక తేవచ్చు. 20 శాతానికి మించిన పెద్ద సైజు, యాన్యులస్ కింద ఓ మోస్తరు నుంచి ఎక్కువ కాల్షియం, ఈ రెండూ కలిసిన చోటే చీలికలు ఎక్కువని 2013లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అరుదైనదే గానీ ప్రాణాంతకమైన ప్రమాదం అది.

కాబట్టి దారులు కొన్ని ఉన్నాయి. 26 సైజును బెలూనులో ద్రవం కొంత తగ్గించి విప్పడం ఒకటి. మధ్య సైజులు దొరికే కవాటాన్ని ఎంచుకోవడం మరొకటి. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ సంస్థ తయారుచేసే మైవాల్ అనే కవాటం 21.5, 24.5, 27.5 వంటి మధ్య సైజులలోనూ వస్తుంది. 24.5 సైజు వృత్తవైశాల్యం సుమారు 471, అంటే మీ నాన్నగారి యాన్యులస్ కంటే 9 శాతం ఎక్కువ మాత్రమే. 2024లో వెలువడిన ల్యాండ్‌మార్క్ అధ్యయనంలో ఈ కవాటం విదేశీ కవాటాలతో పోల్చినప్పుడు 30 రోజుల ఫలితాల్లో వాటికి తీసిపోలేదని తేలింది. మన దేశంలో తయారై ప్రపంచ స్థాయి పరీక్షకు నిలబడిన పరికరం కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

మూడో దారి తనంతట తాను విచ్చుకునే కవాటం. ఎవొల్యూట్ రకంలో సైజును చుట్టుకొలతతో ఎంచుతారు. 72.3 నుంచి 81.7 మధ్య ఉంటే 29 సైజు, మీ 74.6 ఆ పరిధిలో హాయిగా కూర్చుంటుంది. దానికి సైనస్ వెడల్పు కనీసం 29 ఉండాలి, మీకు 31 ఉంది. బెలూను ఒత్తిడి ఉండదు కాబట్టి చీలిక భయం తక్కువ. అయితే ఇందులో పేస్‌మేకర్ అవసరం పడే అవకాశం కొంత ఎక్కువ, పైగా కవాటపు చట్రం ఎత్తుగా ఉండి భవిష్యత్తులో కరొనరీ ధమనుల్లోకి తీగ పంపడం కష్టం కావచ్చు. నాన్నగారి ఈసీజీలో కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడి వైపుకు విద్యుత్ వెళ్లే దారిలో అడ్డంకి) ఉందేమో అడగండి, ఉంటే పేస్‌మేకర్ ప్రమాదం మరింత పెరుగుతుంది. సీటీలో మెంబ్రేనస్ సెప్టమ్ (గుండె లోపలి అడ్డుగోడలో కవాటం కింద ఉండే పల్చటి భాగం) పొడవు కూడా కొలుస్తారు. అది పొట్టిగా ఉంటే కవాటాన్ని కొంచెం పైన ఉంచే ప్రయత్నం చేస్తాం, ఎందుకంటే గుండెకు విద్యుత్ తీసుకెళ్లే కట్ట సరిగ్గా దాని అడుగున నడుస్తుంది.

ఎడమ కరొనరీ ఎత్తు 11.2 అన్నారు. పాత కవాటపు రెక్క పక్కకు నెట్టబడినప్పుడు కరొనరీ ద్వారాన్ని మూసేస్తుందేమోనన్న భయం ఎత్తు 12 కంటే తక్కువై, సైనస్ వెడల్పు కూడా 30 కంటే తక్కువైన చోట ఎక్కువ. మీ నాన్నగారికి ఎత్తు కొంచెం తక్కువే గానీ సైనస్ 31 ఉంది, అంటే రెక్క వెనక్కి వాలడానికి జాగా ఉంది. ఎడమ రెక్క పొడవు ఎంత, దాని కొసన కాల్షియం గడ్డ ఉందా అని కూడా బృందం చూస్తుంది. అనుమానం ఉంటే ముందు జాగ్రత్తగా కరొనరీలో ఒక తీగను, అవసరమైతే స్టెంటును సిద్ధంగా ఉంచి మొదలుపెడతాం.

దారి విషయంలో అంత తర్జనభర్జన లేదు. కవాటాన్ని లోపలికి పంపే గొట్టం, 14 ఫ్రెంచ్ సైజు షీత్‌కు ధమని 5.5 మి.మీ. ఉండాలి, కుడి వైపు 6.8 ఉంది, వంకరలు, ముందు గోడ మీద కాల్షియం లేకపోతే కుడి తొడే దారి. ఇక టావి చేసే గది, అంటే క్యాథ్‌ల్యాబ్‌లో ఎక్స్‌రే యంత్రాన్ని ఏ కోణంలో తిప్పితే మూడు రెక్కల అడుగు బిందువులు ఒకే గీత మీద కనబడతాయో కూడా సీటీ నుంచే ముందుగా లెక్కగట్టి తీసుకెళతాం. ఆ కోణం ముందే తెలిస్తే బల్ల మీద వెతుకులాట తగ్గుతుంది, కాంట్రాస్టు ఆదా అవుతుంది, మీ నాన్నగారి కిడ్నీలకు అదే మేలు.

బయోమెడికల్_కిరణ్ | ఆదివారం, ఉదయం 9.00

ఒక ప్రశ్న చాలాకాలంగా ఉంది. చాలా ఆసుపత్రులలో సీటీ చిత్రాలను కవాటం తయారుచేసే సంస్థకే పంపి, వారి ఇంజనీర్లు తయారుచేసిన సైజు నివేదికను తెప్పించుకుంటారని విన్నాను. అమ్మేవారే కొలతలు తీయడం సరైనదేనా?

విశాఖ_రేడియాలజీ | ఆదివారం, ఉదయం 11.30

కిరణ్ గారూ, ఆ పద్ధతి ప్రపంచమంతటా ఉంది, అందులో మేలూ ఉంది. ఆ ఇంజనీర్లు రోజూ ఇదే పని చేస్తారు, వేల కేసులు చూసి ఉంటారు, వారి కవాటం ఏ కొలత దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో వారికి బాగా తెలుసు. అయితే అది రెండో అభిప్రాయంగా ఉండాలి తప్ప ఏకైక అభిప్రాయంగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. యాన్యులస్ తలం ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి జరిగినా వైశాల్యం మారిపోతుంది. రవి గారి నాన్నగారి వంటి సరిహద్దు కేసులో ఆ తేడాయే సైజును మార్చేస్తుంది. గుండె లయ తప్పి ఉన్న రోగులలో చిత్రాలు మెట్లు మెట్లుగా అతికి ఉంటాయి, అక్కడ ఏది నిజమైన అంచు, ఏది యంత్రపు పొరపాటు అన్నది స్కాన్‌ను మొదటి నుంచి చివరి దాకా చూసిన కంటికే తెలుస్తుంది. మా దగ్గర ఇద్దరం విడివిడిగా కొలుస్తాం, తేడా వస్తే కలిసి కూర్చుని తలాన్ని మళ్లీ పడతాం, ఆ తర్వాతే సంస్థ నివేదికను తెరుస్తాం. కవాటం అమర్చే డాక్టరు కూడా తానే స్వయంగా చిత్రాలను తిప్పి చూసుకోవాలి, కాగితం మీది అంకెలతో సరిపెట్టుకోకూడదు.

గుండె_సర్జన్ | ఆదివారం, సాయంత్రం 4.45

చర్చ బాగా సాగుతోంది. సర్జను వైపు నుంచి ఒక మాట చెప్పాలి. సీటీ తీయించిన ప్రతివారికీ టావి చేయాలని లేదు, సీటీ చూశాకే శస్త్రచికిత్స మేలని తేలే సందర్భాలు నిజంగా ఉన్నాయి. మూడు రెక్కలకు బదులు రెండే ఉన్న బైకస్పిడ్ కవాటం అందులో ముఖ్యమైనది. పుట్టుకతో వచ్చే ఈ తేడా ఉన్నవారిలో కవాటం త్వరగా పాడవుతుంది కాబట్టి మా దగ్గరికి వచ్చే అరవై ఏళ్ల లోపు రోగులలో ఇది తరచుగా కనబడుతుంది. ఎకోలో కాల్షియం నీడల మధ్య రెక్కలు రెండో మూడో తేలకపోయినా సీటీలో స్పష్టమవుతుంది. రెండు రెక్కలు కలిసిపోయిన గీత మీద కూడా కాల్షియం గట్టిగా పేరుకుని, రెక్కల మీదా ఎక్కువగా ఉంటే టావి ఫలితాలు బాగుండవని 2020లో వచ్చిన పరిశోధన చూపింది. అక్కడ యాన్యులస్ కొలత ఒక్కటే చాలదు, అంతకు నాలుగు మిల్లీమీటర్లు పైన రెక్కల కలయికల మధ్య దూరం కూడా చూడాలి. వీరిలో బృహద్ధమని పై భాగం కూడా ఉబ్బి ఉండవచ్చు, అది టావితో బాగుపడేది కాదు.

2020 నాటి అమెరికన్ మార్గదర్శకాలు 65 ఏళ్ల లోపువారికి శస్త్రచికిత్సను, 80 దాటినవారికి టావిని సిఫారసు చేసి, మధ్యవారి విషయం రోగితో కలిసి ఆలోచించమన్నాయి. 2021 ఐరోపా మార్గదర్శకాలు టావికి 75 ఏళ్లను గీతగా పెట్టాయి. రవి గారి నాన్నగారికి 78 ఏళ్లు, దారి బాగుంది, మూడు రెక్కల కవాటమే అయితే టావి నిర్ణయంతో నేనూ ఏకీభవిస్తాను. కానీ 58 ఏళ్ల మనిషి కోత వద్దన్న ఒక్క కోరికతో టావి అడిగితే నేను కూర్చోబెట్టి మాట్లాడతాను, ఎందుకంటే ఆయనకు బహుశా రెండో కవాటం కూడా కావలసి వస్తుంది, ఆ రెండోదానికి చోటు ఉంటుందా లేదా అన్నది కూడా ఇవాళ్టి సీటీలోనే చాలావరకు కనబడుతుంది.

తెనాలి_వాసి | ఆదివారం, రాత్రి 7.30

సర్జను గారూ, మా అమ్మకు పన్నెండేళ్ల కిందట ఓపెన్ హార్ట్ చేసి టిష్యూ వాల్వు (జంతు కణజాలంతో చేసిన కవాటం) పెట్టారు. అది ఇప్పుడు పాడైంది. మళ్లీ ఛాతీ తెరవకుండా అందులోనే టావి పెట్టవచ్చంటున్నారు. అమ్మకు కూడా ఇదే సీటీ చేస్తారా?

గుండె_సర్జన్ | ఆదివారం, రాత్రి 8.50

చేస్తారు, కానీ చూసేది కొంత వేరు. పాత కవాటం రకం, సైజు ఆపరేషను రికార్డులో ఉంటాయి కాబట్టి యాన్యులస్ అంకె అంత కీలకం కాదు. ఆ రికార్డు వెతికి పెట్టుకోండి. ఇక్కడ అసలు భయం కరొనరీలది. కొత్త కవాటం విచ్చుకోగానే పాత టిష్యూ రెక్కలు నిటారుగా లేచి గొట్టంలా నిలబడిపోతాయి. కంప్యూటరులో కొత్త కవాటాన్ని ముందుగానే బొమ్మగా నిలబెట్టి, దాని అంచు నుంచి కరొనరీ ద్వారానికి ఎంత దూరం మిగులుతుందో కొలుస్తారు. నాలుగు మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ప్రమాదం ఎక్కువని పరిగణిస్తారు. అప్పుడు విద్యుత్ తీగతో పాత రెక్కను ముందుగా చీల్చే బాసిలికా అనే పద్ధతి ఉంది, చేయగలిగిన కేంద్రాలు తక్కువ. అమ్మగారికి పాడైనది మైట్రల్ కవాటమైతే (గుండె ఎడమ వైపు పై, కింది గదుల మధ్య ఉండేది) లెక్క మరో విధంగా ఉంటుంది, కొత్త కవాటం ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారిని అడ్డగించకుండా ఎంత జాగా మిగులుతుందో చూస్తారు. అమ్మగారిది ఏ కవాటమో తెలియజేస్తే మిగతాది చెప్పగలను.

గోదావరి_రవి | బుధవారం, రాత్రి 9.40

మా బృందం 24.5 సైజు మైవాల్ కవాటాన్ని, కుడి తొడ దారిని ఎంచుకుంది. ఎడమ కరొనరీలో ముందుజాగ్రత్త తీగ పెడతామన్నారు. ఈసీజీలో కుడి బండిల్ బ్లాక్ లేదు. మీరు చెప్పినవన్నీ అడిగితే డాక్టరు గారు ఓపికగా తెర మీద చూపించి వివరించారు, నాన్నగారు కూడా చూశారు. ఆఖరిగా రెండు సందేహాలు. రిపోర్టు చివర కుడి ఊపిరితిత్తిలో 5 మి.మీ. నాడ్యూల్ (చిన్న గడ్డ) ఉందని రాశారు, దాని వల్ల టావి వాయిదా పడుతుందా? ఈ స్కాన్ సీడీని మేము దాచుకోవాలా?

విశాఖ_రేడియాలజీ | బుధవారం, రాత్రి 10.30

రవి గారూ, మెడ అడుగు నుంచి తొడల దాకా స్కాన్ చేసినప్పుడు ఈ వయసువారిలో ఏదో ఒకటి కనబడటం చాలా సాధారణం. 5 మి.మీ. నాడ్యూల్ కోసం టావిని ఆపరు. నాన్నగారు పొగ తాగేవారైతే ఆ సంగతి ఊపిరితిత్తుల డాక్టరుకు చెప్పి, ఏడాది తర్వాత కాంట్రాస్టు లేని సీటీ ఒకటి అవసరమేమో అడగండి. నెల క్రితపు పాత సీటీ ఇక్కడ ఉపయోగపడుతుంది, అందులోనూ ఆ నాడ్యూల్ అదే పరిమాణంలో ఉందేమో పోల్చి చూడమనండి.

సీడీని తప్పకుండా దాచుకోండి. ఇచ్చేటప్పుడు ఫిల్ములు, ఎంపిక చేసిన కొన్ని బొమ్మలు మాత్రమే కాకుండా, ఒక మిల్లీమీటరు లోపు మందం ఉన్న మూల చిత్రాలు, గుండె స్పందనలోని అన్ని దశలూ డైకామ్ రూపంలో (వైద్య చిత్రాలకు వాడే కంప్యూటరు ఫైలు రకం) పూర్తిగా రాసి ఇమ్మని అడగండి. స్కాన్ సెంటర్ల సర్వర్లలో మూల చిత్రాలు ఎక్కువ కాలం ఉంచరు, కొన్ని వారాల్లోనే తొలగించే చోట్లూ ఉన్నాయి. కాబట్టి ఈ వారంలోనే తీసుకుని, పెన్‌డ్రైవులో ఒక ప్రతి, ఇంట్లో కంప్యూటరులో ఒక ప్రతి పెట్టండి. కొన్నేళ్ల తర్వాత రెక్కల మీద రక్తం గడ్డ కట్టిందన్న అనుమానం వచ్చినా, రెండో కవాటం అవసరమైనా, కరొనరీల్లోకి తీగ పంపవలసి వచ్చినా అప్పటి డాక్టరు మొదట అడిగేది ఈ స్కాన్‌నే.